ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉందని ఎప్పుడు నమ్మాలి? ఒక అంబులెన్సు టెక్నీషియన్‌కు సమాధానం

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. పల్నాడు వైపు బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన ఒక యువకుడికి అక్కడి ఆసుపత్రిలోనే నోటి ద్వారా శ్వాస కోసం ట్యూబ్ వేసి, పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లమని మీకు అప్పగించారు. బయలుదేరే ముందు మీరు స్టెతస్కోప్‌తో రెండు వైపులా విన్నారు, చప్పుడు వినిపించింది. ట్యూబ్ లోపలి గోడ మీద ఆవిరి పడుతోంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 96 చూపించింది. గంట తరువాత గుంటూరు చేరేసరికి ఆ అంకె 88కి దిగింది. క్యాజువాలిటీలోని డాక్టరు గారు లారింగోస్కోప్ (గొంతులోకి చూసే దీపం ఉన్న సాధనం) పెట్టి చూసి, ట్యూబ్ అన్నవాహికలో ఉందని చెప్పి, తీసివేసి కొత్తది వేశారు. "సార్, నేర్పినవన్నీ చేశాను కదా, ఎక్కడ తప్పు జరిగింది? మా బండిలో క్యాప్నోగ్రాఫ్ (వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం) లేదు. అది లేనప్పుడు ఏం చూసి నమ్మాలి?" అని మీరు అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా గుంటూరు, విజయవాడల మధ్య పనిచేస్తున్న మత్తు డాక్టరును. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, మీరు చూసిన మూడింటిలో ఏ ఒక్కటీ, ఆ మాటకొస్తే మూడూ కలిపినా, ట్యూబ్ శ్వాసనాళంలో ఉందని రుజువు చేయవు. రుజువు చేసేది రోగి బయటికి వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే, అది కూడా ప్రతి శ్వాసకూ వస్తూ ఉండాలి. మిగిలినవన్నీ అనుమానాన్ని పెంచడానికో తగ్గించడానికో పనికివచ్చే సాక్ష్యాలు మాత్రమే.

మీ రోగి విషయంలో ఒక సంగతి గమనించండి. ట్యూబ్ మొదటి నుంచీ అన్నవాహికలో ఉండి, రోగికి సొంత శ్వాస లేకపోయి ఉంటే, గంట ప్రయాణం తరువాత అతను ప్రాణాలతో క్యాజువాలిటీకి చేరేవాడు కాదు. కనుక రెండే అవకాశాలు మిగులుతాయి. ట్యూబ్ మొదట సరిగానే ఉండి, దారిలో ఎక్కడో జారి ఉండవచ్చు. లేదా మొదటి నుంచీ అన్నవాహికలోనే ఉన్నా, అతను ట్యూబ్ పక్కనుంచి తన ఊపిరి తాను తీసుకుంటూ ఉండి ఉండవచ్చు. తల దెబ్బ తగిలినవారిలో ఈ రెండోది మనం అనుకునేదానికంటే ఎక్కువగా మోసం చేస్తుంది. మీరు అంబూతో, అంటే చేత్తో నొక్కి గాలి పంపే బ్యాగుతో, పంపుతున్న ఆక్సిజన్ పొట్టలోకి వెళుతూ ఉంటుంది, రోగి మాత్రం బయటి గాలి పీల్చుకుంటూ ఉంటాడు. ఛాతీ లేస్తుంది, రెండు వైపులా చప్పుడు వినిపిస్తుంది, ఆక్సీమీటర్ కూడా కాసేపు మంచి అంకెనే చూపిస్తుంది. అవన్నీ నిజమే గాని, వాటికీ మీ చేతిలోని బ్యాగుకూ సంబంధం ఉండదు. అందుకే సొంత శ్వాస ఉన్న రోగిలో ఛాతీ లేస్తోందా అన్నదానికంటే, మీరు నొక్కిన ఆ క్షణంలోనే లేస్తోందా, వదిలిన క్షణంలోనే దిగుతోందా అని చూడాలి. మీ చేతికీ అతని ఛాతీకీ తాళం తప్పుతుంటే, అక్కడే ఆగి ఆలోచించాలి.

ఇక ఆ మూడు గుర్తుల సంగతి. ఆవిరితో మొదలుపెడితే, పొట్టలోని గాలి కూడా వెచ్చగా, తేమగానే ఉంటుంది కాబట్టి అన్నవాహికలో ఉన్న ట్యూబ్‌లో కూడా ఆవిరి పడుతుంది. నేను దానిని ఏనాడో లెక్కలోంచి తీసేశాను.

స్టెతస్కోప్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానిని వదులుకోమని నేను చెప్పడం లేదు. వినే క్రమం ముఖ్యం. మొదట రొమ్ము ఎముక కింద, పొట్ట పైభాగంలో వినాలి. ఒకటి రెండు నొక్కులకే అక్కడ బుడబుడమని గరగర వినిపిస్తే, ఛాతీ దాకా వెళ్లి వినడానికి సమయం వృథా చేయవద్దు. పొట్టలో నిశ్శబ్దంగా ఉంటే, అప్పుడు రెండు చంకల కిందా వినాలి. చాలామంది ఛాతీ ముందు భాగంలో, కాలర్ ఎముక కింద విని సంతృప్తి పడతారు. అక్కడ వినిపించే చప్పుడు పొట్ట నుంచి గానీ అన్నవాహిక నుంచి గానీ పాకి వచ్చినది కావచ్చు, సన్నని మనుషుల్లోనూ పిల్లల్లోనూ మరీ సులువుగా పాకుతుంది. చంక దూరం కాబట్టి అక్కడ కొంత నమ్మవచ్చు. అయితే సైరను మోగుతున్న బండిలో, డీజిలు ఇంజను మీద కూర్చుని, హైవే మీద లారీల హారన్ల మధ్య విన్నది ఎంతవరకు విన్నట్టో మీకే బాగా తెలుసు. ప్రశాంతమైన ఆపరేషన్ థియేటర్లో, అనుభవం ఉన్న మత్తు డాక్టర్లే చప్పుడు విని మోసపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఆక్సీమీటర్ మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది అబద్ధం చెప్పదు, ఆలస్యంగా నిజం చెబుతుంది. ట్యూబ్ వేసే ముందు మాస్కుతో బాగా ఆక్సిజన్ ఇచ్చి ఉంటే, ఊపిరితిత్తులలో నిలువ ఉన్న ఆ ఆక్సిజన్‌తో రోగి శ్వాస లేకుండానే కొన్ని నిమిషాలు 95 పైన ఉండగలడు. ఆ నిమిషాలలో మనం ట్యూబ్‌కు ప్లాస్టర్ వేస్తాం, స్ట్రెచర్ మీదకు మారుస్తాం, బెల్టు బిగిస్తాం. అంకె పడిపోవడం మొదలయ్యేసరికి ట్యూబ్ వేసిన సంగతి పాతబడిపోతుంది, మనసు వేరే కారణాలు వెతుకుతుంది. పైగా చేతులు చల్లబడిన రోగిలో వేలి దగ్గరి అంకె అసలు మార్పు కంటే ఇంకా కొంత వెనకబడి ఉంటుంది.

ఇది నేను చదివి చెబుతున్న మాట కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పేరు అవసరం లేని ఒక ఆసుపత్రిలో, మిరప తోటలో కొట్టే పురుగుమందు తాగిన ఒక మనిషిని రాత్రి పదకొండు దాటాక తీసుకువచ్చారు. నోటి నిండా నురగ, గుడ్లు తేలేసి ఉన్నాడు. చూషణ యంత్రం పెట్టి లాగుతూనే లారింగోస్కోప్ పెట్టాను. స్వరతంతువుల మధ్య నుంచి ట్యూబ్ వెళ్లడం నేను చూశానని ఇవాళ అడిగినా ప్రమాణం చేయగలను. రెండు వైపులా విన్నాను, గరగరలాడుతూ చప్పుడు వచ్చింది. ఆ విషం తాగినవారి ఊపిరితిత్తులు ఎలాగూ గరగరలాడతాయి కదా అని సరిపెట్టుకున్నాను. ఆక్సీమీటర్ 94. కేసు షీటులో "ట్యూబ్ వేయబడినది, గాలి రెండు వైపులా సమానం" అని రాస్తున్నాను. అప్పుడు అంబూ నొక్కుతున్న సిస్టర్, నాకంటే పదిహేనేళ్లు పెద్దావిడ, గొంతు పెంచకుండా "డాక్టరు గారూ, ఒకసారి పొట్ట చూడండి" అన్నారు. లుంగీ ముడి మీదుగా పొట్ట చిన్న కుండలా లేచి ఉంది. నేను తలెత్తి చూసేసరికి అంకె 79. ట్యూబ్ తీసి, మాస్కు పెట్టి, తిరిగి వేశాను. నురగలో నేను చూసింది స్వరతంతువులు కాదు, లేదా అవే అయినా స్టైలెట్ (ట్యూబ్ వంగకుండా లోపల పెట్టే తీగ) లాగేటప్పుడు ట్యూబ్ వెనక్కి జారి ఉంటుంది. ఏది జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రాత్రి నుంచి "వెళ్లడం నేను కళ్లారా చూశాను" అన్న మాటను, అది నా నోటి నుంచి వచ్చినా సరే, సాక్ష్యంగా తీసుకోవడం మానేశాను.

మన ఒక్కరి చేతకానితనం ఇది కాదని తెలియడానికి రెండు పరిశోధనలు చెబుతాను. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒర్లాండో నగరంలో, పారామెడిక్కులు బయట ట్యూబ్ వేసి తెచ్చిన రోగులను ఆసుపత్రి గుమ్మంలోనే పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 108 మంది. మన అంబులెన్సు నంబరు కూడా అదే కావడంతో ఆ సంఖ్య నాకు గుర్తుండిపోయింది. వారిలో 27 మందికి, అంటే నలుగురిలో ఒకరికి, ట్యూబ్ ఉండవలసిన చోట లేదు. 18 మందికి అన్నవాహికలో ఉంది, మిగిలిన 9 మందికి కొన స్వరతంతువులకు పైనే ఆగిపోయి ఉంది. శిక్షణ పొందినవారే, రోజూ ఆ పని చేసేవారే. తరువాత అదే ప్రాంతంలో 153 మంది రోగులను పరిశీలించి 2005లో మరొక పరిశోధన వచ్చింది. దారి పొడవునా క్యాప్నోగ్రఫీ పెట్టినవారిలో, ఎవరూ గుర్తించని తప్పు ట్యూబ్ ఒక్కటి కూడా లేదు. పెట్టనివారిలో అది 23.3 శాతం. ఈ రంగంలో ఇంత తేటగా తేడా చూపించే లెక్కలు అరుదు.

క్యాప్నోగ్రాఫ్ చేసే పని చాలా సరళమైనది. పొట్ట నుంచి కార్బన్ డయాక్సైడ్ ప్రతి శ్వాసకూ నిలకడగా రాదు, శరీరం తయారుచేసినది రక్తంలో ఊపిరితిత్తులకు చేరి అక్కడి నుంచే బయటికి వస్తుంది. ట్యూబ్ చివర పెట్టిన సెన్సారు ఆ వాయువును కొలిచి, తెర మీద గీతగా చూపుతుంది. ఊపిరి వదిలినప్పుడు గీత నిటారుగా లేచి, కొంచెం ఏటవాలుగా పైకి సాగి, మళ్లీ పీల్చినప్పుడు నేలకు పడిపోతుంది. పక్కనుంచి చూస్తే మన మిద్దె ఇళ్ల వరుసలా ఉంటుంది. ఆ మిద్దె చివరి అంచు ఎత్తే మనం చెప్పుకునే ఈటీసీఓటూ అంకె, మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం వరకు.

అంకె ఒక్కటీ చూసి సరిపెట్టుకోవద్దు, గీత చూడాలి. ట్యూబ్ వేసే ముందు మాస్కుతో అంబూ నొక్కినప్పుడు రోగి వదిలిన గాలి కొంత పొట్టలోకి వెళ్లి ఉండవచ్చు. కాసేపటి ముందే సోడా గానీ కూల్‌డ్రింకు గానీ తాగి ఉండవచ్చు. అలాంటప్పుడు అన్నవాహికలోని ట్యూబ్ నుంచి కూడా మొదటి రెండు మూడు శ్వాసలకు గీత లేస్తుంది, తరువాత మెట్లు దిగినట్టు తగ్గుతూ పోయి చదునవుతుంది. అందుకని 2022లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన మార్గదర్శకాలు కనీసం ఏడు శ్వాసలు చూడమంటాయి. ఆ ఏడింటిలోనూ గీత వదిలినప్పుడు లేచి, పీల్చినప్పుడు పడాలి. ఎత్తు తగ్గిపోకుండా నిలకడగా ఉండాలి లేదా పెరగాలి. శిఖరం కింది గీత నుంచి 7.5 మిల్లీమీటర్ల పాదరసానికి మించిన ఎత్తులో ఉండాలి. వచ్చిన అంకె ఆ రోగి పరిస్థితికి నప్పాలి. నేను విద్యార్థులకు నేర్పేటప్పుడు ఏడు శ్వాసలనూ పైకి లెక్కపెట్టమంటాను. మనసులో లెక్కపెట్టినవి ఎప్పుడూ నాలుగింటి దగ్గరే ఏడైపోతాయి.

గుండె ఆగి సీపీఆర్ జరుగుతున్న రోగి దగ్గర అందరూ ఒక తప్పు ఊహలో పడతారు. "గుండె ఆడటం లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ రాదు, గీత లేకపోవడం సహజం" అనుకుంటారు. ఛాతీ మీద సరిగ్గా నొక్కుతున్నంతసేపూ కొంత రక్తం ఊపిరితిత్తులకు వెళుతూనే ఉంటుంది, కాబట్టి పొట్టిదైనా గీత ఉంటుంది. అంకె 10కి దిగువన ఉంటే నొక్కడం సరిపోవడం లేదేమో చూసుకోవాలి. ఉన్నట్టుండి 35, 40కి ఎగిరితే గుండె తిరిగి కొట్టుకోవడం మొదలైందేమో చూడాలి. కానీ పూర్తిగా చదునైన గీత కనిపిస్తే, గుండె ఆగిన రోగిలోనైనా సరే, ట్యూబ్ తప్పు చోట ఉందనే మొదట అనుకోవాలి. ఇంగ్లండులో మత్తు డాక్టర్ల సంఘాలు దీని మీదే ప్రత్యేకంగా ప్రచారం చేశాయి. దాని సారాంశం మన మాటల్లో చెప్పాలంటే, గీత లేదంటే ట్యూబ్ చోటు తప్పినట్టే.

గీత రాకపోవడానికి వేరే కారణాలు లేకపోలేదు. ట్యూబ్ కఫంతో మూసుకుపోవడం, ఉబ్బసం వల్ల శ్వాసనాళికలు బిగుసుకుపోవడం, నమూనా తీసుకునే సన్నని గొట్టంలో నీరు చేరడం, కనెక్షను ఊడిపోవడం వంటివి. పురుగుమందు కేసుల్లో ఈ సన్నని గొట్టం నీటితో, నురగతో ఇట్టే మూసుకుపోతుంది. ట్యూబ్‌కు తగిలించే అడాప్టరు మీది ఆ గొట్టం మూతి పైకి ఉండేలా తిప్పి పెట్టండి, విడిగా ఒకటి అదనంగా పెట్టుకోండి. యంత్రం మీదే అనుమానం వస్తే, గొట్టం విప్పి మీరే ఒకసారి దానిలోకి ఊదండి, మీ ఊపిరికి గీత లేస్తే యంత్రం బాగున్నట్టు. ఈ పరీక్షను డ్యూటీ మొదట్లోనే చేయడం మంచిది, రోగి ముందు నిలబడి చేసేటప్పుడు ప్రతి పది సెకన్లూ పది నిమిషాలుగా అనిపిస్తాయి. యంత్రం బాగుండి, గొట్టం బాగుండి, గీత మాత్రం లేకపోతే ఇంక వాదన అనవసరం.

క్యాప్నోగ్రఫీ చెప్పలేనివి కూడా రెండు ఉన్నాయి. ట్యూబ్ మరీ లోపలికి వెళ్లి కుడి ఊపిరితిత్తిలోకి దూరినా గీత చక్కగానే వస్తుంది. కుడి వైపు శ్వాసనాళిక వెడల్పుగా, కొంచెం నిటారుగా ఉంటుంది కాబట్టి లోతెక్కువైన ట్యూబ్ సాధారణంగా అటే పోతుంది. ఇక్కడ మీ స్టెతస్కోప్ నిజంగా పనికివస్తుంది: ఎడమ చంకలో చప్పుడు తగ్గితే కఫ్ (ట్యూబ్ కొన దగ్గర గాలి నింపే బుడగ) గాలి తీసి, ట్యూబ్‌ను సెంటీమీటరు చొప్పున వెనక్కి లాగి, మళ్లీ వినాలి. రెండోది, కొన స్వరతంతువులకు పైనే, గొంతులో ఆగినా రోగి వదిలే గాలి దానిలోకి వస్తుంది కాబట్టి గీత కనిపించవచ్చు. కఫ్ పక్కనుంచి గాలి గురగురలాడుతూ వస్తుంటే, ఎంత గాలి నింపినా ఆ చప్పుడు ఆగకపోతే, దీనిని అనుమానించండి. పళ్ల దగ్గర ట్యూబ్ మీది అంకె ఈ రెండింటికీ కాపలా. పెద్దవారిలో ఆడవారికి సుమారు 21, మగవారికి 23 సెంటీమీటర్లు. పిల్లలకు వయసులో సగానికి 12 కలిపితే పెదవి దగ్గర ఉండవలసిన అంకె సుమారుగా వస్తుంది. అయితే ఆ అంకె లోతును మాత్రమే చెబుతుంది, ఏ దారిలో లోతో చెప్పదు. అన్నవాహికలో ఉన్న ట్యూబ్ కూడా పళ్ల దగ్గర 22 చూపిస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. యంత్రం లేని బండిలో చేతిలో ఇమిడే సాధనాలు రెండున్నాయి. ఒకటి రంగు మారే డిటెక్టరు. ట్యూబ్‌కూ అంబూకూ మధ్య బిగించే చిన్న డబ్బా, లోపల ఊదారంగు కాగితం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే పసుపుకు మారి, పీల్చేటప్పుడు మళ్లీ ఊదాకు రావాలి. ఆరు శ్వాసల తరువాత కూడా ఇలా మారుతూ ఉంటేనే నమ్మాలి. పసుపులోనే ఆగిపోయి కదలకపోతే, వాంతిలోని ఆమ్లం గానీ ట్యూబ్‌లో వేసిన మందు గానీ కాగితాన్ని తడిపి ఉంటుంది, అది ఇక పనికిరాదు. గోధుమ వన్నెలో ఆగితే తేల్చలేం. సీపీఆర్‌లో వాయువు తక్కువ కాబట్టి ఈ గోధుమ వన్నె తరచుగా కనిపిస్తుంది. రాత్రిపూట బండిలోని పసుపు దీపం కింద ఊదాకూ గోధుమకూ తేడా తెలియదు, చేతి టార్చి వేసి చూడండి. ప్యాకెట్ చించి అల్మారాలో పడేసిన డిటెక్టరు మన ఉక్కపోతకు తేమ పట్టి పాడవుతుంది, కాబట్టి అవసరం వచ్చిన క్షణంలోనే చించాలి.

రెండోది రబ్బరు బల్బు. నొక్కి గాలి తీసేసి ట్యూబ్ చివర తగిలించి వదిలితే, శ్వాసనాళం గట్టి మృదులాస్థి వలయాలతో నిలబడి ఉంటుంది కాబట్టి బల్బు వెంటనే నిండుతుంది. అన్నవాహిక మెత్తని కండ గనుక ఆ లాగుడుకు ముడుచుకుని ట్యూబ్ మూతిని పట్టేస్తుంది, బల్బు నిండదు. అంబూ నొక్కకముందే, కఫ్‌లో గాలి నింపకముందే దీనిని వాడాలి. బాగా లావైనవారు, నెలలు నిండిన గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు, నురగతో గొంతు నిండినవారు, వీరిలో ఇది తప్పు చెబుతుంది. ఏడాది లోపు పిల్లల్లో వాడనే కూడదు. సొంత శ్వాస ఉన్న మీ రోగి వంటివారికి, దారి పొడవునా కాపలా కాయవలసిన పనికి, బల్బు సరిపోదు. అది ఒక్క క్షణపు జవాబు మాత్రమే ఇస్తుంది.

ఈ రెండూ కూడా లేవనుకుందాం. అప్పుడు నా సలహా చాలామందికి రుచించదు. మీరే కొత్తగా ట్యూబ్ వేయవలసిన పరిస్థితి అయితే, నిర్ధారించుకునే సాధనం లేకుండా వేయకండి. మాస్కుతో ఇద్దరు కలిసి అంబూ నొక్కడమో, ఐజెల్ వంటి గొంతులో కూర్చునే సాధనం పెట్టడమో మేలు. ఇంగ్లండులో 9,296 మంది గుండె ఆగిన రోగుల మీద జరిపి 2018లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, ఐజెల్‌తో మొదలుపెట్టినవారికీ ట్యూబ్‌తో మొదలుపెట్టినవారికీ కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ట్యూబ్ వేయడం గొప్ప పని అన్న భ్రమ మా మత్తు డాక్టర్లే మీకు అంటించి ఉంటారు, కొంత తప్పు మాది. ఇక వేరేచోట వేసిన ట్యూబ్‌తో రోగిని అప్పగిస్తే, ఎక్కించుకునే ముందే ఆ వేసిన డాక్టరు గారిని "సార్, ఈటీసీఓటూ చూశారా, ఎంత వచ్చింది?" అని మర్యాదగా అడగండి. కోపం వస్తే రానివ్వండి. ఆసుపత్రిలో యంత్రం ఉంటే, అక్కడి మంచం మీదే ఏడు శ్వాసలు చూసి కదలండి. దగ్గరలో అల్ట్రాసౌండ్ చేయగలవారు ఉంటే, మెడ మీద పెట్టి చూసినప్పుడు శ్వాసనాళం పక్కన రెండో గొట్టం ఉబ్బి కనిపిస్తే ట్యూబ్ అన్నవాహికలో ఉన్నట్టు తెలుస్తుంది.

తరువాత ప్రయాణం. ట్యూబ్ జారేది ఎక్కువగా బండి వేగంగా వెళ్లేటప్పుడు కాదు, రోగిని ఎత్తి దించేటప్పుడు. మంచం మీద నుంచి స్ట్రెచర్ మీదకు, స్ట్రెచర్ బండిలోకి, క్యాజువాలిటీ ర్యాంపు అంచు మీద చక్రం ఎగిరిపడటం, మళ్లీ స్ట్రెచర్ నుంచి మంచం మీదకు. పేరేచర్ల రోడ్డు గతుకుల కంటే ఆ ర్యాంపు అంచు నాకు ఎక్కువ భయం. తల వంగితే ట్యూబ్ కొన లోపలికి, తల వెనక్కి వాలితే బయటికి, సుమారు రెండేసి సెంటీమీటర్లు కదులుతుంది. పెద్దవారి శ్వాసనాళం పొడవే పది పన్నెండు సెంటీమీటర్లు, పిల్లల్లో ఇంకా తక్కువ, కాబట్టి ఆ రెండు సెంటీమీటర్లు చాలు. తల దెబ్బకు వేసిన మెడ పట్టీ ఇక్కడ మీకు అనుకోకుండా సాయం చేస్తుంది, తల కదలనివ్వదు. ఎత్తే ప్రతిసారీ అంబూను ట్యూబ్ నుంచి విప్పి, మార్చి, వెంటనే తగిలించండి. అంబూ బరువు వేలాడుతూ ట్యూబ్‌ను లాగేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎవరో ఒకరు, ఒక్కరే, రెండు వేళ్లతో ట్యూబ్‌ను పళ్ల దగ్గర పట్టుకుని ఉండాలి, "ఎత్తండి" అని చెప్పవలసినదీ ఆ మనిషే.

ప్లాస్టర్ విషయంలో మన ఎండలను లెక్కలోకి తీసుకోవాలి. రోహిణి కార్తెలో విజయవాడలో నిలబెట్టిన బండి తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు ఉంటుంది. ఆ చెమట మీద, గడ్డం మీద, రక్తం మీద ఏ ప్లాస్టరూ ఐదు నిమిషాలు కూడా ఆగదు. ముందు ముఖం పొడిగా తుడవండి. ట్యూబ్‌కు కాటన్ టేపుతో ముడి వేసి, దవడల మీదుగా మెడ వెనక్కి కట్టండి. తల దెబ్బ తగిలినవారిలో మెడ చుట్టూ బిగుతుగా కడితే మెదడు నుంచి రక్తం దిగే సిరలు నొక్కుకుంటాయి, కాబట్టి ఒక వేలు దూరేంత వదులు ఉంచండి. ట్యూబ్ పట్టే ప్లాస్టిక్ హోల్డరు ఉంటే అది అన్నింటికంటే మేలు.

మార్గమధ్యంలో ఉన్నట్టుండి అంకెలు పడిపోయినా, అంబూ గట్టిపడినా, రోగి రంగు మారినా, కారణం వెతకడానికి ఒక క్రమం ఉంది. ట్యూబ్ జారిందా, మూసుకుపోయిందా, ఛాతీలో గాలి నిండి ఊపిరితిత్తి ముడుచుకుందా, ఆక్సిజన్ సిలిండరూ అంబూ బాగున్నాయా. బండి పక్కకు ఆపించండి. కాజ టోలు గేటు దగ్గరైనా సరే, వారధి మీదైనా సరే, కదిలే బండిలో గొంతులోకి చూడటం సాహసం కాదు, అజాగ్రత్త. అనుమానం తీరకపోతే ట్యూబ్ తీసేసి మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వండి. మీ సంస్థ నియమాలు, ఫోనులో ఉన్న డాక్టరు గారి సూచన తప్పక పాటించండి, కానీ గీత చదునై, రోగి నల్లబడుతుంటే ఫోను కలిసేదాకా ఆగవద్దు. మంచి మాస్కు పట్టు, రోగిని చెడ్డ ట్యూబ్ కంటే మేలుగా బతికిస్తుంది. పీకేయడానికి మనిషికి మనసు ఒప్పదు, ఎందుకంటే అంత కష్టపడి వేసినది, పైగా వేసింది వేరే పెద్ద డాక్టరు. ఆ మొహమాటమే అసలు ప్రమాదం.

క్యాప్నోగ్రాఫ్ వల్ల మరొక లాభం కూడా ఉంది. భయంలో అంబూను నిమిషానికి ముప్ఫైసార్లు నొక్కేస్తాం. తల దెబ్బ రోగిలో అలా నొక్కితే కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. ఆరు సెకన్లకు ఒక నొక్కుతో మొదలుపెట్టి, అంకె 35కీ 40కీ మధ్య ఉండేలా వేగం సర్దుకోండి.

చివరిగా, ఆసుపత్రిలో ఆ డాక్టరు గారు అందరి ముందు మిమ్మల్ని "గంటసేపు పొట్టలోకి గాలి కొట్టావా?" అని అన్నారని రాశారు. ఆ మాట అలా అనకుండా ఉండవలసింది. అయితే దానికి జవాబు మీ దగ్గర లేకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఇకమీదట ఎక్కించుకున్నప్పుడు, సగం దారిలో, దించే ముందు, దించి మంచం మీదకు మార్చాక, నాలుగుసార్లూ పళ్ల దగ్గరి సెంటీమీటరు అంకె, ఈటీసీఓటూ లేదా డిటెక్టరు రంగు, ఆక్సిజన్ శాతం, సమయం రాయండి. కాగితం కనబడకుండా పోతుంది, రోగి ఛాతీ మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద బాల్‌పెన్నుతో రాయండి. "నాలుగు ఇరవైకి పళ్ల దగ్గర 22, ఈటీసీఓటూ 37" అన్న ఒక్క వరుస ఆ కుర్రాడి ఛాతీ మీద ఉండి ఉంటే, ట్యూబ్ మొదటి ఆసుపత్రిలోనే చోటు తప్పిందో, మీ బండిలో జారిందో, గుంటూరు ర్యాంపు మీద ఊడిందో ఆ రాత్రే తేలిపోయేది.